కొండదారికి కుటుంబ శకటము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిన మాటకు నేటి అమెరికా గృహస్థులు కొందరు మరియొకటి చేర్చుకొనవచ్చును: పాత ఫోర్ వీల్ డ్రైవు బండిని బాగుచేసి, ఆలుబిడ్డలను ఎక్కించుకొని, కొండదారిని పోయి చూడు. యూటా, కొలరాడో, కాలిఫోర్నియా మొదలగు పశ్చిమ రాష్ట్రములలో ఇది పెక్కు కుటుంబముల విరామ కాలపు వ్యాపకము. ముప్పది, నలుబది ఏండ్లనాటి బండిని కొనుట, ఇంటి షెడ్డులోనే స్వహస్తములతో విప్పి బిగించుట, సెలవు దినములలో పాడుబడిన గనుల దారులను వెదకుకొని పోవుట—పైకి చూచువారికి ఇది వట్టి వినోదము. లోతుగా చూచినచో ఇందొక కఠినమైన ప్రశ్న ఉన్నది. వెనుక సీటులో పిల్లలు కూర్చుండు బండికి ఏమి చేర్చవలెను? అంతకన్న ముఖ్యముగా, ఏమి చేర్చరాదు?

జీపు సంతతి

నాలుగు చక్రములకును ఇంజను బలము అందు చిన్న బండి లోకమునకు పరిచయమైనది యుద్ధము మూలమున. 1940లో అమెరికా సైన్యము కోరగా, బాంటమ్ అను చిన్న కంపెనీ 49 దినములలో మొదటి నమూనాను తయారు చేసినది. తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు పైగా బండ్లను నిర్మించినవి. అదియే జీపు. యుద్ధానంతరము అది రైతుల పొలములలోనికి, గనుల అన్వేషకుల చేతులలోనికి వచ్చినది. 1947లో మహీంద్రావారు దానిని భారతదేశమున బిగించుటకు పూనుకొనిరి. తహసీలుదారు వచ్చినను, ఎన్నికల ప్రచారము వచ్చినను, తెలుగు పల్లెలకు జీపు అను మాట తెలిసినది ఆ విధముగనే.

జపానులో టొయోటా సంస్థ 1951లో జీపు తరహాలో ఒక బండిని నిర్మించి, దానిని ఫూజీ పర్వతముపై ఆరవ మజిలీ వరకు ఎక్కించినది. 1954లో దానికి లాండ్ క్రూయిజర్ అను పేరు వచ్చినది. ఆ వంశమున 1980లో వెలువడిన 60వ శ్రేణి బండి కుటుంబముల దృష్టిని ప్రత్యేకముగా ఆకర్షించినది. అందుకు కారణములు లేకపోలేదు. నాలుగు తలుపులు, ఇనుప పైకప్పు, ముగ్గురు కూర్చుండదగిన వెనుక సీటు, సామానులకు చోటు, ఆరు సిలిండర్ల నెమ్మదియైన ఇంజను, ముందు వెనుకల దృఢమైన ఇరుసులు, వాటిని మోయు కమాను కట్టలు—ఇవన్నియు దానికి కలవు. కంప్యూటరుతో పనిలేకుండ సాధారణ పనిముట్లతో బాగుచేసికొనదగినది. ఐనను దాని వయస్సును మరువరాదు.

మొదటి ఖర్చు ఎక్కడ?

అట్టి బండిని కొన్న గృహస్థునకు మొదట కలుగు కోరిక దానిని ఎత్తు పెంచి, పెద్ద టైర్లు తొడిగి, ముందొక ఇనుప బంపరు బిగించవలెనని. అనుభవజ్ఞులు మాత్రము ముందుగా బండి క్రిందకు దూరి చూడుమందురు. మంచు కురియు ప్రాంతములలో రోడ్లపై చల్లు ఉప్పు వలన ఛాసిస్‌కు తుప్పు పట్టును. పైన రంగు మెరయుచుండగా లోపలి ఇనుము సుత్తిదెబ్బకు పెళుసుగా రాలవచ్చును. బ్రేకు నూనె పోవు సన్నని గొట్టములు, నలుబది ఏండ్ల రబ్బరు, స్టీరింగు కీళ్ళు, రేడియేటరు—ఇవి బాగుపడనిదే మరి దేనికిని పైకము వెచ్చించుట వృథా.

రెండవది బెల్టు. ఈ తరగతి వాహనములలో వెనుక సీటు చివరలయందు కూర్చుండువారికి భుజము మీదుగా వచ్చు బెల్టు ఉండితీరవలెనను నియమము అమెరికాలో 1991 సెప్టెంబరు నుండి గాని అమలు కాలేదు. పిల్లల సీటును బిగించు ప్రత్యేకపు కొక్కెములు అన్ని కొత్త బండ్లలో తప్పనిసరియైనది 2002 సెప్టెంబరు నుండి. అంతకు పూర్వపు బండ్లలో పెక్కింటికి వెనుక నడుము బెల్టు మాత్రమే కలదు. దెబ్బ తగిలినపుడు నడుము నిలిచిపోయి తల ముందునకు విసరబడును. కనుక కుటుంబమునకై బండిని సిద్ధపరచువాడు ఛాసిస్ పైన గాని, బాడీలోని గట్టి ఇనుముపైన గాని నిపుణునిచేత బలమైన ఆధారములను అమర్పించి, భుజము బెల్టులను బిగించును. ఇది ఎవ్వరి కంటను పడని ఖర్చు. కాని మొదటి ఖర్చు ఇదియే కావలెను.

ఎత్తు పెరిగిన కొలది

బండిని ఎత్తు పెంచుటలోని కీడును పదవ తరగతి విద్యార్థి లెక్క కట్టి చూడగలడు. కుడి ఎడమ చక్రముల నడిమి దూరము 60 అంగుళములనియు, బండి గరిమనాభి నేలకు 30 అంగుళముల ఎత్తున ఉన్నదనియు అనుకొందము. సగము వెడల్పు 30, ఎత్తు 30. గరిమనాభి నుండి జారవిడిచిన లంబము క్రిందివైపు చక్రమును దాటునప్పుడు బండి ఒరుగును. అనగా లెక్కప్రకారము 45 డిగ్రీల వాలు వరకు అది నిలుచును. గొప్పకై గరిమనాభిని నాలుగు అంగుళములు లేపినచో 30ని 34చే భాగింపవలెను. ఆ కోణము 41 డిగ్రీలకు దిగును. పైకప్పు మీద నీళ్ళ డబ్బాలు, గుడారము, రెండవ టైరు కట్టినచో ఇంకను దిగును. ఇది కదలని బండి లెక్క. నిజమైన బండికి స్ప్రింగులు నలుగును, టైర్లు అణగును, రాయి తగిలి ఊగిసలాట కలుగును. అందుచేత ప్రమాదము ఈ లెక్కకన్న చాల ముందుగనే వచ్చును.

మరియొక విశేషము కలదు. దృఢమైన ఇరుసుగల బండికి స్ప్రింగులు ఎత్తు చేసినంత మాత్రమున ఇరుసు నేలనుండి లేవదు. లేచునది పైనున్న బాడీ మాత్రమే. ఇరుసును లేపునది పెద్ద టైరొక్కటే. కావున వివేకవంతుడు టైరు రాచుకొనకుండుటకు చాలినంత మాత్రమే, రెండు రెండున్నర అంగుళములు, ఎత్తు పెంచి, బరువైన సామానులను నేలమట్టమునకే దించును.

నిదానమే ప్రధానము

తెలుగున సామెతగా నిలిచిన ఈ మాట కొండదారిలో యంత్రసూత్రము. ట్రాన్స్‌ఫర్ కేసు అను పెట్టెలో చిన్న గేరు కలదు. దానిని వేసినచో బండి వేగము సుమారు సగమగును, చక్రముల త్రిప్పుబలము దాదాపు రెట్టింపగును. దిగుడులో ఇంజనే బండిని పట్టి ఉంచును. బ్రేకును ఎడతెగక నొక్కినచో అది వేడెక్కి పట్టు విడుచును, గేరు ఆ విధముగా విడువదు.

డిఫరెన్షియల్ మాట వేరు. మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము తిరుగవలెను. ఆ సౌలభ్యమును కల్పించునదే డిఫరెన్షియల్. కాని రాళ్ళమీద ఒక చక్రము గాలిలో లేచినచో, అది ఊరక గిరగిర తిరుగును, నేలపైనున్న రెండవ చక్రము కదలదు. రెండింటిని కలిపి బంధించు లాకు వేసినప్పుడు బండి అడుగడుగుగా ప్రాకి పోవును. ఇంజనుకు గుర్రపుబలము పెంచుటకన్న వెనుక ఇరుసునకు ఈ లాకును బిగించుట మేలు. ఉరికించి ఎక్కించవలసిన అగత్యము తప్పును, వెనుకనున్న పిల్లల మెడలకు కుదుపు తప్పును. గట్టి రోడ్డు చేరగానే లాకును విడిచిపెట్టవలెను.

అన్నిటికన్న చౌకయైన ఉపాయము టైరులోని గాలి. రోడ్డుమీద చదరపు అంగుళమునకు 35 పౌండ్లున్న గాలిని రాతిదారిలో 20కి దించినచో టైరు నేలపై పొడవుగా పరచుకొని రాతిని పట్టుకొనును, కుదుపును తానే మ్రింగును. తిరిగి తారురోడ్డు ఎక్కకముందే గాలి నింపవలెను. మెత్తని టైరు వేగమునకు వేడెక్కి పగులవచ్చును. కనుక చిన్న కంప్రెసరు బండిలో ఉండితీరవలెను.

యురేనియము దారులు

ఇట్లు సిద్ధమైన బండి పోదగిన చోటు యూటాలోని మోఅబ్ పట్టణ ప్రాంతము. 1952లో చార్లెస్ స్టీన్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు అచట యురేనియము నిక్షేపమును కనుగొనగా, అణ్వాయుధముల కొరకై ఆ లోహమును వెదకు జనము ఎడారిలో దారులు తొలిచినది. పశువుల బాటగా ఉండిన షేఫర్ దారి ఆ కాలముననే లారీల దారి ఆయెను. 1964లో కేన్యన్‌లాండ్స్ జాతీయోద్యానము ఏర్పడినది. నేడు షేఫర్ దారి సుమారు 1,500 అడుగుల నిలువు గోడ వెంబడి మెలికలు తిరుగుచు దిగి, దాదాపు 100 మైళ్ళ వైట్ రిమ్ దారిని కలియును. దానిపై పోవుటకు అనుమతిపత్రము కావలెను. త్రాగునీరు ఎక్కడను దొరకదు. మనిషికి దినమునకు ఒక గాలను, అనగా సుమారు నాలుగు లీటర్ల నీరు తీసికొని పొమ్మని ఉద్యానాధికారుల హెచ్చరిక. నలుగురు మూడు దినములు పోవలెనన్నచో 48 లీటర్లు. ఆ నీటి బరువే 48 కిలోలు. దానిని ఇనుప కొక్కెములకు పట్టీలతో బిగించి కట్టవలెను. కట్టని డబ్బా బండి ఒక్క కుదుపుతో నిలిచినప్పుడు పిల్లవాని తలకు రాయి వంటిది.

క్లిష్టమైన చోట తల్లిదండ్రులలో ఒకరు దిగి, ముందు నడచి, చేసైగలతో చక్రమునకు దారి చూపుదురు. పిల్లలను దించి, ఎగువన దూరముగా నిలుపుదురు. బండి దిగబడి మరియొక బండి లాగవలసి వచ్చినచో పట్టీని ఛాసిస్‌కు బిగించిన కొక్కెమునకే తగిలింపవలెను గాని, ట్రైలరు తగిలించు ఇనుప గుండుకు తగిలింపరాదు. ఆ గుండు విరిగిన యెడల ఫిరంగి గుండువలె ఎగురును. మనుష్యులు మరణించిన సందర్భములు కలవు.

అచటి నేల కూడ ఒక పాఠము. దారికి ఇరువైపుల నల్లగా, గరుకుగా కనబడు పై పొర సజీవమైనది. సూక్ష్మజీవులు, నాచు, శిలావల్కములు కలిసి ఇసుకను బంధించి ఉంచును. ఒక్క చక్రపు జాడ మానుటకు దశాబ్దములు పట్టవచ్చును. దారి విడువకుండుట అచట మర్యాద మాత్రమే కాదు, ధర్మము.

ఇంత పరిశ్రమ చేసి, ఇంత దూరము వచ్చి, ఎదుట మెట్టువంటి బండరాయి కనబడినప్పుడు గృహస్థుడు బండి ఆపి, దిగి చూచును. ఎక్కగలనేమో. ఎక్కలేనేమో. వెనుక సీటువైపు ఒకసారి చూచి, బండిని మెల్లగా వెనుకకు త్రిప్పును. పాత బండి కుటుంబ శకటమైనది ఆ క్షణముననే. బిగించిన మరలన్నియు, కట్టిన పట్టీలన్నియు అందరును క్షేమముగా ఇల్లు చేరుటకే గదా! ఆ వెనుకకు త్రిప్పుటను వెనుక సీటునుండి చూచిన బిడ్డ మరియొకనాడు తాను స్టీరింగు పట్టినప్పుడు దానిని మరువడు.