కడలి రంగే చేపల చిరునామా!
వెలుతురుతో సముద్ర గర్భాన్ని చదువుతున్న ఉపగ్రహాలు, లేజర్లు

విశాఖపట్నం: వేటకు బయలుదేరే మరబోటుకు అన్నిటికంటే పెద్ద భారం డీజిలే. చేపల గుంపు ఎక్కడుందో తెలియక సముద్రమంతా గాలిస్తే ఇంధనం, ఐసు, కళాసీల శ్రమ అన్నీ నీటిపాలే. పూర్వం నీటి రంగును, పక్షుల వాలకాన్ని చూసి పెద్దలు చేపల జాడ పసిగట్టేవారు. ఇప్పుడు 700 కిలోమీటర్లకు పైబడిన ఎత్తు నుంచి ఉపగ్రహాలు అదే పని చేస్తున్నాయి. అవి చూసేది కూడా నీటి రంగునే కావడం విశేషం.

రంగులో ఏముంది?
సూర్యకాంతి నీటిలో ప్రవేశించగానే ఎరుపు కిరణాలు పైపొరల్లోనే ఇంకిపోతాయి. నీలి కిరణాలు లోతుకు వెళ్లి, కొంత మేర చెదిరి తిరిగి పైకి వస్తాయి. అందుకే నడిసముద్రం నీలంగా కనిపిస్తుంది. కంటికి ఆనని వృక్ష ప్లవకాలు పెరిగిన చోట కథ మారుతుంది. వాటిలోని పత్రహరితం 443 నానోమీటర్ల పరిసరాల్లోని నీలి కాంతిని బాగా పీల్చుకుంటుంది. 555 నానోమీటర్ల వద్ద ఉండే ఆకుపచ్చ కాంతిని అంతగా తాకదు. ఈ రెంటి నిష్పత్తిని కొలిస్తే నీటిలో పత్రహరితం ఎంత ఉందో లెక్క తేలుతుంది. ప్లవకాలను చిన్న జీవులు, వాటిని చేపలు వెతుక్కుంటూ వస్తాయి.

అయితే ఉపగ్రహానికి చేరే వెలుతురులో దాదాపు 90 శాతం వాతావరణం నుంచి చెదిరి వచ్చినదే. సముద్రం పంపేది మిగిలిన కొద్ది భాగం మాత్రమే. గాలిలోని ధూళిని, తేమను లెక్కగట్టి తీసివేశాకే నీటి అసలు రంగు బయటపడుతుంది.

విశాఖలో పెరిగిన శాస్త్రవేత్త
సముద్రపు నీలిమ ఆకాశపు ప్రతిబింబమేనని ఒకప్పుడు భావించేవారు. 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రాన్ని చూసిన సి.వి.రామన్, నీటి అణువులు కాంతిని చెదరగొట్టడం వల్లే ఆ రంగు వస్తుందని నిరూపించారు. ఆయన బాల్యం గడిచింది విశాఖపట్నంలోనే. తండ్రి ఇక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. ఆ పరిశోధన 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితానికి, 1930లో నోబెల్ బహుమతికి దారితీసింది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను నీటిపై ప్రసరింపజేస్తే, 650 నానోమీటర్ల వద్ద బలహీనమైన ఎర్రని కాంతి తిరిగి వస్తుంది. అదే రామన్ ఫలితం. నేటి సముద్ర లేజర్ పరికరాలు దీనిని కొలబద్దగా వాడుకుంటున్నాయి.

శ్రీహరికోట నుంచి తొలి అడుగు
1978లో అమెరికా ప్రయోగించిన నింబస్-7 సముద్రపు రంగును అంతరిక్షం నుంచి కొలవవచ్చని చాటింది. మన దేశం 1999 మే 26న శ్రీహరికోట నుంచి ఓషన్‌శాట్-1ను పంపింది. అందులోని పరికరం ఎనిమిది వర్ణపట్టీల్లో, 1,420 కిలోమీటర్ల వెడల్పున, రెండు రోజులకోసారి సముద్రాన్ని చిత్రించేది. 2009 సెప్టెంబరు 23న ఓషన్‌శాట్-2, 2022 నవంబరు 26న ఇ.ఓ.ఎస్.-06 దానిని అనుసరించాయి. చివరిదానిలో వర్ణపట్టీలు 13కు పెరగడమే కాక, నీటి ఉపరితల ఉష్ణోగ్రతను కొలిచే పరికరం కూడా చేరింది.

హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) పత్రహరితం, ఉష్ణోగ్రత చిత్రాలను జోడించి చేపలు లభించే అవకాశమున్న ప్రాంతాలను గుర్తిస్తుంది. తీరంలోని రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతున ఆ ప్రాంతం ఉందో తెలుగు సహా తీరప్రాంత భాషల్లో తెలియజేస్తుంది. ఇది నీటి పైపొరల్లో గుంపులుగా తిరిగే కవళ్లు, కానాగంతల వంటి చేపలకే ఎక్కువగా ఉపకరిస్తుంది. అడుగున ఉండే రొయ్యల జాడ రంగును బట్టి తెలియదు.

అసలు చిక్కు మబ్బుతోనే
తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. విరామం ముగిసి బోట్లు కడలిలోకి వెళ్లే వేళకు నైరుతి మబ్బులు కమ్ముకుంటాయి. కంటికి కనిపించే కాంతి గానీ, ఉష్ణోగ్రతను తెలిపే పరారుణ కిరణాలు గానీ దట్టమైన మబ్బును దాటలేవు. అప్పులు తీర్చుకోవడానికి మత్స్యకారులు ఆత్రంగా వేటకు దిగే రోజుల్లోనే సూచనలు కొరవడుతున్నాయి. మైక్రోవేవ్ పరికరాలు మబ్బుల్లోంచి ఉష్ణోగ్రతను, గాలులను కొలవగలవు కానీ పత్రహరితాన్ని చూడలేవు. దీనికి వరదలు తోడవుతాయి. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రుమట్టి, కుళ్లిన సేంద్రియ పదార్థాలు నీటి రంగును మార్చి లెక్కను తప్పుదోవ పట్టిస్తాయి.

లేజర్‌తో లోతుకు
ఈ పరిమితుల్లో కొన్నింటిని అధిగమించేందుకు వచ్చినదే లైడార్. విమానం నుంచి లేజర్ స్పందనలను పంపితే పరారుణ కిరణం నీటి ఉపరితలం నుంచే వెనుదిరుగుతుంది. ఆకుపచ్చ కిరణం అడుగును తాకి వస్తుంది. నీటిలో కాంతి వేగం సెకనుకు సుమారు 2.25 లక్షల కిలోమీటర్లు. రెండు కిరణాల రాకలో 89 నానోసెకన్ల తేడా ఉంటే, అక్కడ లోతు సుమారు 10 మీటర్లన్నమాట. 2018లో వెళ్లిన నాసా ఉపగ్రహం ఐస్‌శాట్-2, తేట నీటిలో దాదాపు 40 మీటర్ల లోతు వరకు అడుగును గుర్తించగలిగింది. బురద నీటిలో మాత్రం లేజర్ ఎంతో దూరం పోలేదు.

లేజర్‌కు సూర్యుడితో పని లేదు, రాత్రి కూడా చూడగలదు. మబ్బులు, ధూళి అధ్యయనానికి 2006లో అమెరికా, ఫ్రాన్స్ ప్రయోగించిన కాలిప్సో ఉపగ్రహం 2023 వరకు పనిచేసింది. చిన్న సముద్ర జీవులు రాత్రివేళ మేత కోసం పైకి వచ్చి, పగలు లోతుకు దిగిపోయే తీరును దాని లేజర్ సమాచారం ఆధారంగా శాస్త్రవేత్తలు 2019లో ప్రపంచ స్థాయిలో చిత్రించారు. దట్టమైన మబ్బు మాత్రం లేజర్‌కూ అడ్డే.

2024 ఫిబ్రవరి 8న నాసా పంపిన పేస్ ఉపగ్రహం అతినీలలోహితం నుంచి సమీప పరారుణం వరకు వందకు పైగా సన్నని వర్ణపట్టీల్లో సముద్రాన్ని చూస్తోంది. ప్లవకాలు ఎంత ఉన్నాయన్నదే కాక, ఏ రకానివన్నదీ తెలుసుకోవడం దాని లక్ష్యం. మేలైన ప్లవకమేదో, చేపలను చంపే విషపు నాచు ఏదో వేరు చేయగలిగితే తీరానికి అది పెద్ద మేలు.

ఎంత సూక్ష్మమైన పరికరమైనా చెప్పేది అవకాశాన్నే, పంటను కాదు. ప్రవాహాలతో పాటు నీరు, నీటితో పాటు చేప కదిలిపోతాయి గనుక నిన్నటి సూచన రేపటికి పనికిరాకపోవచ్చు. తాజా సూచనను, వాతావరణ హెచ్చరికను కలిపి చూసుకుని బయలుదేరినప్పుడే ఆకాశపు వెలుతురు మత్స్యకారుడి వలకు ఆసరా అవుతుంది.