పిరమిడ్ కింద చిత్తడి అడవి

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఉన్న మెంఫిస్‌కు ఆ పేరు నైలు ఒడ్డునున్న పాత ఈజిప్టు రాజధాని నుంచి వచ్చింది. పేరుకు తగ్గట్టు 1991లో మిసిసిపి ఒడ్డున 321 అడుగుల పిరమిడ్ కట్టారు. మొదట అది క్రీడా ప్రాంగణం. బాక్సింగ్‌లో లెనాక్స్ లూయిస్ మైక్ టైసన్‌ను పడగొట్టింది 2002లో ఇక్కడే. ఊళ్లో ఇంకో స్టేడియం వచ్చాక దీనికి పని లేకుండా పోయింది. 2015లో వేట సామాను, చేపల గాలాలు అమ్మే బాస్ ప్రో షాప్స్ ఇందులో తలుపులు తెరిచింది.

లోపల అడుగు పెట్టగానే సరుకు కన్నా ముందు నీళ్లు కనపడతాయి. చుట్టూ వంద అడుగుల సైప్రస్ చెట్లు, కొమ్మల నుంచి జడల్లా వేలాడే నాచు. చెట్లు చేసిపెట్టినవే కానీ నీళ్లలో తిరిగే చేపలు, ఎలిగేటర్లు నిజమైనవి. ఆ చెట్ల మధ్యే బట్టలు, పడవలు, తుపాకులు, బాణాలు. పైన హోటల్ గదులూ ఉన్నాయి.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది గాలాల దగ్గర. మన కాలవ గట్టు మీద ఒక కర్ర, బెండు, వానపాము ఉంటే పని జరిగిపోతుంది. ఇక్కడ రబ్బరు వానపాముల్లోనే ఎన్ని రంగులో! ఇంత చేసి పట్టిన బాస్ చేపను చాలామంది ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు. జానీ మోరిస్ 1972లో మిస్సోరీలో, తండ్రి మద్యం దుకాణంలో ఓ మూల గాలాలు పెట్టి అమ్మడంతో ఈ వ్యాపారం మొదలైంది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. వేట నేరమని వింటూ పెరిగిన నాకు తుపాకుల కౌంటర్ ముందు మనసు ఒప్పలేదు. ఇప్పటికీ ఒప్పదు.

అయినా బాతుల విభాగం నన్ను ఆలోచనలో పడేసింది. అక్కడ నీళ్ల మీద తేలే దీమం బాతులు, బాతులా కూసే పీకలు అమ్ముతారు. బాతుల కోసం చిత్తడి నేలల్ని కాపాడే డక్స్ అన్‌లిమిటెడ్ ప్రదర్శనశాల కూడా ఈ పిరమిడ్‌లోనే ఉంది. 1937లో పుట్టిన ఆ సంస్థను నడిపించిందీ వేటగాళ్లే. అదే ఏడాది అమెరికాలో వచ్చిన చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకు వెళుతుంది. తీసుకునేవాడే కట్టాలన్న ఈ పద్ధతి నాకు నచ్చింది. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు తవ్వి లాభపడినవాళ్లు ఆ సరస్సు కోసం ఏటా ఇలా ఎంతో కొంత కట్టి ఉంటే బాగుండేది.

దుకాణం నడుమ నుంచి లిఫ్ట్ 28 అంతస్తుల ఎత్తుకు తీసుకెళుతుంది. గాజు నేల మీద నిలబడితే ఎదుట మిసిసిపి, దాని మీద ఇనుప వంతెన, అవతల ఆర్కాన్సా. అమెరికాలో వరి ఎక్కువగా పండేది ఆ రాష్ట్రంలోనే. చలికాలంలో కోసిన మళ్లలో నీళ్లు నిలబెడితే, రాలిన గింజల కోసం ఉత్తరాది నుంచి మల్లార్డ్ బాతులు దిగుతాయి.

పదహారేళ్లు నిండిన ప్రతి బాతు వేటగాడూ ఏటా 25 డాలర్ల డక్ స్టాంపు కొనాలి. అందులో డాలరుకు 98 సెంట్లు పక్షుల ఆవాసాలకే పోతాయి. వేటాడనివాళ్లూ కొనొచ్చు, పోస్టాఫీసుల్లో దొరుకుతుంది. నేనూ ఒకటి కొన్నాను.