జేబులోని గణకయంత్రము

"మా యింట కంప్యూటరు లేదు; ఫోను మాత్రమే యున్నది. మా పిల్లవాడేమి నేర్చుకొనగలడు?" అని తల్లిదండ్రులలో కొందఱు అడుగుచుందురు. ఫోను ఆటవస్తువనియు, బల్లపై నుండు కంప్యూటరే నిజమైన యంత్రమనియు వారి తలంపు. ఇరువది యేండ్ల క్రిందట ఈ తలంపు సరియైనదే. నేడట్లు కాదు. ఈ మార్పు ఎట్లు కలిగెనో యెఱుగుట విద్యార్థులకు మిక్కిలి ప్రయోజనకరము.

కంప్యూటరునకు గాని ఫోనునకు గాని మెదడు వంటిది ప్రాసెసరు. గోరంత సిలికాన్ పలకపై అమర్చబడిన ట్రాన్సిస్టరులనెడి అతిసూక్ష్మములైన విద్యుత్తు మీటలే దాని యవయవములు. మీట తెఱచి మూసిన ప్రతిసారియు కొంచెము విద్యుచ్ఛక్తి వ్యయమై వేడిగా మాఱును. మీటల వేగమును హెచ్చించుటకు వోల్టేజిని గూడ హెచ్చింపవలసి వచ్చును. వోల్టేజి రెట్టింపైనచో, వేగము మాఱకున్నను, వ్యయము నాలుగు రెట్లగును. కావున వేగముకంటె వేడియే ముందు పరుగెత్తును.

బల్లమీది కంప్యూటరు గోడలోని తీగనుండి కావలసినంత శక్తిని గ్రహించును. వేడిని వెడలగొట్టుటకు దానికి పంకా కలదు. అందుచేత దాని నిర్మాతలు చిరకాలము వ్యయమును అంతగా లెక్కింపక వేగమునే పెంచుచు వచ్చిరి. తుదకు వేడియే వారికి అడ్డు తగిలెను. అమెరికా దేశపు ఇంటెల్ సంస్థ 4 గిగాహెర్ట్జుల పెంటియం 4 ప్రాసెసరును వెలువరింపదలచి, 2004వ సంవత్సరమున ఆ ప్రయత్నమును మానుకొనెను.

ఫోను ప్రాసెసరు నడచిన మార్గము వేఱు. దాని పుట్టినిల్లు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణము. అచ్చట ఏకార్న్ అను చిన్న సంస్థలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు 1983లో ఒక ప్రాసెసరును నిర్మింపబూనిరి. ధనము స్వల్పము, సహాయకులు కొలదిమంది. అందువలన ప్రాసెసరు గ్రహింపవలసిన ఆజ్ఞలను కొలదిగాను, సరళముగాను ఏర్పఱచిరి. చౌకయైన ప్లాస్టిక్ తొడుగులో ఇముడుటకై వ్యయము 1 వాట్‌ను మించరాదని నియమము పెట్టుకొనిరి. 1985 ఏప్రిల్ 26వ తేదీన చేతికి వచ్చిన ఆ ఆర్మ్ ప్రాసెసరునందు సుమారు 25 వేల ట్రాన్సిస్టరులు మాత్రమే యుండెను. అదే సంవత్సరమున వెలువడిన ఇంటెల్ 386 నందు 2 లక్షల 75 వేలుండెను.

ఫర్బర్ దాని విద్యుద్వ్యయమును కొలువగా, మాపకము సున్న చూపెను. కారణమరయగా, ప్రాసెసరునకు విద్యుత్తునందించు తీగయే కలుపబడియుండలేదు! తక్కిన తీగలగుండ వచ్చు సంకేతములలోని స్వల్పశక్తితోనే యది పనిచేయుచుండెను.

ఈ మితవ్యయము తరువాత వచ్చిన చేతిఫోనులకు ప్రాణాధారమయ్యెను. ఫోను చిన్న బ్యాటరీతో దినమంతయు నడువవలెను, చేతిని కాల్చరాదు, అందు పంకాకు చోటు లేదు. 2013వ సంవత్సరము మొదలు లోకమున ఏటేట నూఱుకోట్లకు మించి స్మార్ట్‌ఫోనులు విక్రయింపబడుచున్నవి. ఆ రాబడి వలన పరిశోధన పెరిగెను. తైవాను కర్మాగారములలో మీటలు నానాటికి సూక్ష్మతరములయ్యెను. ఒకేసారి పెక్కు ఆజ్ఞలను నెఱవేర్చు నేర్పు ఫోను ప్రాసెసరులకు అలవడెను.

ఫలము 2020లో కనబడెను. ఆ అక్టోబరున వచ్చిన ఐఫోను 12లోని ఏ14 ప్రాసెసరునందు 1,180 కోట్ల ట్రాన్సిస్టరులు గలవు. గణించు భాగములలో రెండు బలిష్ఠమైనవి, నాలుగు పొదుపైనవి. ఆ జాతి భాగములనే నాలుగు, నాలుగు చొప్పున కూర్చి, 1,600 కోట్ల ట్రాన్సిస్టరులతో ఎం1 అను ప్రాసెసరును ఆపిల్ సంస్థ నవంబరున కంప్యూటరులలో నిలిపెను. దానితో నడచు మ్యాక్‌బుక్ ఎయిర్‌నకు పంకాయే లేదు. అయినను పంకా గలిగి ఇంటెల్ ప్రాసెసరుతో నడచిన వెనుకటి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను వేగమున మించిపోయెను. అదే యేట జూన్ నెలలో, ఆర్మ్ ఆజ్ఞలను గ్రహించు ప్రాసెసరులతో నిర్మితమైన ఫుగాకు అను జపాను మహాగణకము ప్రపంచమున ప్రథమస్థానమందెను.

అయినను ఒక పరిమితిని మఱవరాదు. కొలదిపాటి పనిలో నేటి మేలైన ఫోను కంప్యూటరుతో పోటీపడును. గంటలకొలది సాగు భారమైన పనిలో మాత్రము వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. చిన్న తెరపై దీర్ఘరచనయు కష్టమే.

కావున తల్లిదండ్రులారా, ఇంట కంప్యూటరు లేదని నిరాశపడకుడు. విద్యార్థులారా, మీ యింటి సామాన్యమైన ఫోనైనను గణితమునకును, నిఘంటువును చూచుటకును, ప్రోగ్రాములు వ్రాయ నేర్చుటకును చాలియున్నది. తలాంతుల యుపమానములో ఒక్క తలాంతును పొందినవాడు నిందింపబడుటకు కారణము, అతడు దానిని భూమిలో దాచిపెట్టుటయే గదా.