పుటికల మార్పిడి: శరీరం ఎందుకు ఒప్పుకోదు?

మొదటి రకం మధుమేహం ఉన్నవారు రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి. "ఇన్సులిన్ తయారుచేసే కణాలనే ఒంట్లో పెడితే సూదుల బాధ తప్పుతుంది కదా!" అని మీకు అనిపించవచ్చు. ఈ ఆలోచన వందేళ్లకు పైబడినదే. మరి అడ్డంకి ఎక్కడుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. పుటికలు అంటే ఏమిటి?

జీర్ణాశయం వెనుక ఉండే క్లోమంలో చిన్న చిన్న కణాల గుంపులు ఉంటాయి. వీటిని 1869లో పాల్ లాంగర్‌హాన్స్ మొదట వర్ణించాడు. అందుకే వీటిని లాంగర్‌హాన్స్ పుటికలు అంటారు. అన్నీ కలిపినా ఇవి క్లోమంలో నూటికి ఒకటి రెండు వంతులే. వీటిలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను స్రవిస్తాయి.

మొదటి రకం మధుమేహంలో వ్యాధినిరోధక వ్యవస్థ పొరబడి, సొంత బీటా కణాలనే నాశనం చేస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

2. మనిషి నుంచి మనిషికి

మరణించిన దాత క్లోమం నుంచి పుటికలను వేరుచేసి, కాలేయానికి రక్తం తీసుకుపోయే పెద్ద సిరలోకి ఎక్కిస్తారు. అవి కాలేయంలో కుదురుకొని ఇన్సులిన్ స్రవిస్తాయి.

రక్తం ఎక్కించే ముందు గ్రూపు చూస్తారని మీకు తెలుసు. పుటికలకు గ్రూపు కలిస్తే చాలదు. ప్రతి మనిషి కణాలపైనా గుర్తింపు కార్డుల వంటి ప్రోటీన్లు ఉంటాయి. టి-లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు వీటిని పరీక్షిస్తాయి. పరాయివని తేలితే దాడి చేస్తాయి. దీనినే తిరస్కరణ అంటారు.

కార్డు పూర్తిగా కలిస్తే? 1980లలో అమెరికాలోని మిన్నెసోటాలో, ఒకే పోలిక కవలలలో ఆరోగ్యవంతుల క్లోమంలో కొంత భాగాన్ని మధుమేహం ఉన్న తోబుట్టువులకు అమర్చారు. పరాయిదనే తిరస్కరణ రాలేదు. కాని నిరోధక శక్తిని అణచే మందులు వాడనివారిలో బీటా కణాలు మళ్లీ నాశనమయ్యాయి. అంటే పాత శత్రుత్వం పోలేదన్నమాట.

2000లో కెనడాలోని ఎడ్మంటన్ వైద్యులు, అణచివేత మందులను కొత్త విధంగా కలిపి వాడి, ఏడుగురికి సూది అవసరం లేకుండా చేయగలిగారు. అయితే అక్కడ చికిత్స పొందినవారిలో ఐదేళ్ల తరువాత సుమారు నూటికి పదిమందే సూది లేకుండా ఉన్నారు. మిగిలినవారిలో చాలామందికి పుటికలు కొంతవరకు పనిచేశాయి. చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం తగ్గింది.

3. జంతువు నుంచి మనిషికి

పంది ఇన్సులిన్‌కు, మన ఇన్సులిన్‌కు తేడా ఒక్క అమైనో ఆమ్లమే. అందుకే దానిని చాలా ఏళ్లు మందుగా వాడారు. కాని పంది కణాన్ని మన శరీరం ఒప్పుకోదు. ఎ గ్రూపువారి రక్తంలో బి గ్రూపుకు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు ముందే ఉంటాయి కదా. అలాగే పంది కణాలపై ఉండే ఒక చక్కెరకు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు మనందరిలోనూ సిద్ధంగా ఉంటాయి. అందువల్ల దాడి వెంటనే మొదలవుతుంది. ఆ తరువాత టి-లింఫోసైట్లూ తోడవుతాయి.

1893లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 15 ఏళ్ల బాలుడికి గొర్రె క్లోమం ముక్కలు అమర్చారు. మూడు రోజులకే అతడు మరణించాడు. స్వీడన్‌లో పదిమందికి పంది పిండాల పుటికలు ఎక్కించి, 1994లో ఫలితాలు ప్రకటించారు. నలుగురిలో కణాలు కొన్ని నెలలు బతికిన గుర్తులు కనిపించాయి. ఇన్సులిన్ అవసరం మాత్రం తగ్గలేదు.

4. ముందున్న దారి

కణాల గుర్తింపు కార్డునే జన్యుమార్పుతో తొలగించవచ్చా? 2024లో స్వీడన్‌లోని ఉప్సలాలో అలా మార్చిన మానవ పుటిక కణాలను ఒక రోగి ముంజేతి కండరంలో ఉంచారు. అణచివేత మందులు లేకుండానే అవి 12 వారాల పరిశీలనలో బతికి, ఇన్సులిన్ స్రవించాయి. అయితే కణాల మోతాదు తక్కువ కనుక అతడికి సూది తప్పలేదు.

అణచివేత మందులు అంటువ్యాధులకు దారి తీయవచ్చు. కొన్ని మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అందుకే చక్కెర తరచు ప్రమాదకరంగా పడిపోయే కొద్దిమందికే ఈ మార్పిడి చేస్తారు. మీ ఇంట్లో మొదటి రకం మధుమేహం ఉన్నవారుంటే, "కణాలు మారుస్తాం, సూది మానండి" అనే ప్రకటనలను నమ్మవద్దు. వైద్యుని సలహా లేకుండా ఇన్సులిన్ ఆపితే ప్రాణాపాయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కవలల క్లోమం అమర్చినా మధుమేహం ఎందుకు తిరిగి వచ్చింది?
2. పంది ఇన్సులిన్ పనికివచ్చినా, పంది పుటికలను మన శరీరం ఎందుకు తిరస్కరిస్తుంది?