ఆమ్లములో వేసిన జింకుముక్క చుట్టును బుడగలేల పుట్టును?

బాలలారా! ప్రయోగశాలలో మీ ఉపాధ్యాయులు నీరు కలిపి పలుచన చేసిన హైడ్రోక్లోరికామ్లమున జింకుముక్కను వేయగానే, నిప్పు లేకయే ఆ ద్రవము మరుగుచున్నట్లు బుడగలు పైకుబుకుటను, ముక్క క్రమక్రమముగా కరగిపోవుటను చూచి, ఈ వాయువెక్కడిదని మీరడుగుదురు గదా!

అది లోహములో దాగియున్నది కాదు, ఆమ్లములోని ఉదజనియే, అనగా హైడ్రోజనే. నీటిలో విడివడి తిరుగు ఉదజని కణమొక్కొక్కదానికి ఒక్కొక్క ఎలక్ట్రాను, అనగా అతిసూక్ష్మమైన ఋణవిద్యుత్కణము, కొరతగా నుండును. ఇంటికి వచ్చిన ఇద్దరు మనుమలకు చెరియొక లడ్డును పంచిపెట్టు అమ్మమ్మవలె, ప్రతి జింకు పరమాణువును తన రెండు ఎలక్ట్రానులను రెండు ఉదజని కణములకొసగి, తాను నీటిలో కలిసిపోవును; కొరత తీరిన ఆ రెండును జతకూడి ఉదజని అణువగును. అట్టి అణువులు కోటానుకోట్లు చేరినదే మీరు చూచిన బుడగ.

రాగి తన ఎలక్ట్రానులను గట్టిగా పట్టియుంచును గనుక, దానిని ఈ ఆమ్లములో వేసినను బుడగలు రావు. 1766లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హెన్రీ కావెండిష్ లోహములను ఆమ్లములలో కరగించి, ఈ తేలికయైన వాయువును పట్టి పరిశీలించి, దానిని మండెడు గాలియని పేర్కొనెను. నిప్పు తగిలినచో నిది టప్పున ప్రేలి, గాలిలోని ఆమ్లజనితో, అనగా ఆక్సిజనుతో, కలిసి నీరగును. కావున ఈ ప్రయోగమును ఉపాధ్యాయుల సమక్షముననే చేయుడు.