అల మీద పడిన రాడార్ తరంగం

రాడార్ పంపే సూక్ష్మతరంగానికి సముద్రంలో లోతు అంటూ లేదు. ఉప్పునీటిలో విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది కాబట్టి ఆ తరంగం పైపొరలో కొన్ని మిల్లీమీటర్లు దిగేసరికే హరించుకుపోతుంది. నిటారుగా పడితే సగానికి పైగా శక్తి అక్కడి నుంచే వెనక్కి మళ్లుతుంది. అందుకే రాడార్‌కు చేపల గుంపూ కనబడదు, మునిగి ఉన్న జలాంతర్గామీ కనబడదు. దానికి కనిపించేది సముద్రపు పైచర్మం ఒక్కటే. గాలి, ప్రవాహం, తుపాను, చమురు తెట్టు, చివరికి సముద్రమట్టం పెరుగుదల గురించి కూడా ఆ పలుచని పొర నుంచే ఇంత సమాచారం రావడం నిజంగా ఆశ్చర్యపరిచే విషయం.

గాలి లేని తెల్లవారుజామున చెరువు మీదికి ఏటవాలుగా టార్చి వేస్తే వెలుగు అవతలి గట్టు మీద పడుతుంది గాని వేసినవాడి కంట్లోకి రాదు. నునుపైన నీటి మీద రాడార్ తరంగానిదీ అదే తీరు. ఎంత ఏటవాలుగా వచ్చిందో అంతే ఏటవాలుగా అవతలికి వెళ్లిపోతుంది. పంపిన చోటే వినడం రాడార్ పద్ధతి కాబట్టి, పక్క నుంచి చూసే రాడార్‌కు నిశ్చలమైన సముద్రం చీకటిగా ఉంటుంది. సరిగ్గా నడినెత్తి నుంచి చూసే రాడార్‌కు అదే సముద్రం అద్దంలా మెరుస్తుంది. అలలు రేగితే లెక్క తిరగబడుతుంది: పక్క నుంచి చూసేదానికి వెలుగు పెరుగుతుంది, పైనుంచి చూసేదానికి తగ్గుతుంది. ఈ తేడా గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

పక్క నుంచి చూసినప్పుడు వెలుగు ఎలా పెరుగుతుంది? ఇక్కడ చాలామంది ఊహ తప్పుతుంది. మనిషెత్తు కెరటమే గోడలా నిలబడి తరంగాన్ని వెనక్కి కొడుతుందనిపిస్తుంది. నిజానికి ఆ పని ప్రధానంగా చేసేది కెరటం వీపు మీద పరుచుకున్న చిన్న చిన్న ముడతలు. ఒక ముడత నుంచి తిరిగొచ్చే సంకేతం చాలా బలహీనం. కానీ వరుసగా ఉన్న ముడతల మధ్య ఎడం సరిగ్గా కుదిరిందనుకోండి. వెనక ముడతను తాకి వచ్చే తరంగం, ముందు ముడతను తాకి వచ్చేదానికన్నా రానూపోనూ ఒక తరంగదైర్ఘ్యం ఎక్కువ ప్రయాణిస్తుంది. అప్పుడు రెండూ అడుగులో అడుగు వేసినట్టు కలిసిపోతాయి. భజనలో వందమంది ఒకే తాళానికి చప్పట్లు కొడితే ఆ దరువు వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఎవరికి తోచినట్టు వాళ్లు కొడితే దరువే ఉండదు. స్ఫటికంలోని పరమాణువుల వరుసల నుంచి ఎక్స్-కిరణాలు ఇలాగే కలిసి వస్తాయని కనుగొన్న బ్రాగ్ తండ్రీకొడుకులకు 1915లో నోబెల్ బహుమతి వచ్చింది. సముద్రం మీద జరిగేదానికీ వాళ్ల పేరే స్థిరపడింది.

లెక్క చిన్నదే. ఓడ మీది సాధారణ రాడార్ తరంగదైర్ఘ్యం సుమారు 3 సెంటీమీటర్లు. అది దాదాపు నీటికి సమాంతరంగా చూస్తుంది కాబట్టి అందులో సగం ఎడం, అంటే ఒకటిన్నర సెంటీమీటర్ల ముడతలకు స్పందిస్తుంది. 5.6 సెంటీమీటర్ల తరంగంతో, నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలు వాలి చూసే ఉపగ్రహానికైతే సుమారు 5.6 సెంటీమీటర్ల ముడతలు కావాలి. గాలి గంటకు పది కిలోమీటర్ల వేగం అందుకునేసరికి ఇలాంటివి నీటి మీద పుట్టేస్తాయి, ఆగిపోతే త్వరలోనే చెరిగిపోతాయి. పెద్ద కెరటాలకు పాత్ర లేదని కాదు. అవి ముడతలను మోసుకుంటూ వాటిని రాడార్ వైపు కొంత, అవతలికి కొంత వాలుస్తాయి. దాంతో తెరమీద వెలుగునీడల చారలు పడి కెరటాల వరుసలు కనిపిస్తాయి.

ఓడ నడిపేవారికి ఇదంతా పెద్ద తలనొప్పి. గాలి రేగిన రాత్రి రాడార్ తెర నడిమధ్య, అంటే ఓడ చుట్టూ, తెల్లని చుక్కలు రవ్వలు చల్లినట్టు మెరుస్తుంటాయి. గాలి వచ్చే దిక్కున ఆ మెరుపు మరింత దూరం సాగుతుంది. యాంటెన్నా తిరిగే ప్రతి చుట్టులో చుక్కలు చోటు మారుస్తుంటాయి. వీటిని నావికులు సీ క్లట్టర్ అంటారు. తగ్గించడానికి ఒక మీట ఉంటుంది. దాన్ని తిప్పేకొద్దీ దగ్గరి సంకేతాల బలం తగ్గి తెర శుభ్రపడుతుంది. ప్రమాదమంతా ఆ శుభ్రతలోనే ఉంది. చెక్కతోనో ఫైబరుతోనో చేసిన చేపల పడవ నుంచి వచ్చే సంకేతం క్లట్టర్ కన్నా బలంగా ఉండదు. మీట కాస్త ఎక్కువ తిరిగితే చుక్కలతోపాటు ఆ పడవా, అందులోని మనుషులూ తెరమీద నుంచి మాయమవుతారు. అందుకే అనుభవజ్ఞులు కొంత క్లట్టర్‌ను కావాలనే ఉంచుకుంటారు. ప్రతి చుట్టులోనూ దాదాపు ఒకేచోట వెలిగే చుక్క ఏదో ఓపికగా వెతుకుతారు. పడవ మీద మూడు లోహపు పలకలను మూలగా అతికించిన రిఫ్లెక్టర్ కట్టుకుంటే, ఆ మూలలోకి వచ్చిన తరంగాన్ని అది దాదాపు వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. తక్కువ ఖర్చుతో ప్రాణాలు కాపాడే ఇలాంటి వస్తువు ప్రతి పడవ మీదా ఉండాల్సిందే.

ఈ గోలలోనే సమాచారం ఉందని తేల్చినవారిలో ముందు చెప్పుకోవలసినవాడు న్యూజిలాండ్ శాస్త్రవేత్త డగ్లస్ క్రాంబీ. ఆయన 1955లో ప్రచురించిన పరిశీలనలో వాడింది 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం, దాని పొడవు సుమారు 22 మీటర్లు. సముద్రం నుంచి తిరిగొచ్చిన సంకేతం పౌనఃపున్యం దాదాపు 0.38 హెర్ట్జ్ మేర జరిగి ఉంది. ఎదురొచ్చే రైలు కూత స్వరం మారినట్టే ఇదీ. నీటి అల వేగం దాని పొడవును బట్టి ఉంటుంది. 22 మీటర్లలో సగం, అంటే 11 మీటర్ల అల సెకనుకు 4 మీటర్లకు కాస్త ఎక్కువగా, ఇంచుమించు సైకిలు వేగంతో కదులుతుంది. ఆ వేగానికి రావలసిన తేడా సరిగ్గా 0.38 హెర్ట్జే! సముద్రం మీద ఉన్న అన్ని అలల్లోంచి తన పొడవులో సగం ఉన్నవాటినే తరంగం ఏరుకుందన్నమాట.

దీనికి పెద్ద ప్రయోజనమే ఉంది. అల స్వతహాగా పోవలసిన వేగం ముందే తెలుసు. కొలిచిన వేగం దానికి భిన్నంగా ఉంటే ఆ తేడా కింది నీటి ప్రవాహానిదే. ఒక రాడార్ కేంద్రానికి తనవైపు వచ్చే, తననుంచి పోయే వేగమే తెలుస్తుంది కాబట్టి తీరం వెంట రెండు కేంద్రాలను జతగా పెడతారు. ఆంధ్ర తీరంలో మచిలీపట్నం, కాళీపట్నం అలాంటి జతే. ఈ పొడవాటి తరంగాలు ఉప్పునీటిని అంటిపెట్టుకుని దిగంతాన్ని దాటి కూడా పోగలవు. ఈ కేంద్రాలు కొలిచిన ప్రవాహాల వివరాలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్‌కు చేరతాయి.

ఆకాశం నుంచి సముద్రాన్ని రాడార్‌తో చదవడానికి బాట వేసింది అమెరికా ఉపగ్రహం సీశాట్. 1978 జూన్‌లో ఎగిరి, విద్యుత్ లోపంతో మూడున్నర నెలలకే మూగబోయింది. అయినా తర్వాతి ఉపగ్రహాల్లో వచ్చిన మూడు రకాల రాడార్లూ అందులోనే ఉన్నాయి.

మొదటిది స్కాటరోమీటర్. ముడతలు ఎక్కువైతే తిరుగు సంకేతం బలపడుతుంది, ముడతలను పుట్టించేది గాలి కాబట్టి సంకేతం నుంచి గాలి వేగం లెక్కకట్టవచ్చు. గాలికి ఎదురుగా చూస్తే సంకేతం ఎక్కువ, గాలి వెంబడి చూస్తే కాస్త తక్కువ, అడ్డంగా చూస్తే బాగా తక్కువ. అదే చోటును వేర్వేరు దిక్కుల నుంచి చూసి గాలి దిక్కును కూడా తేలుస్తారు. శ్రీహరికోట నుంచి 2009లో వెళ్లిన ఓషన్‌శాట్-2, 2016లో వెళ్లిన స్కాట్‌శాట్-1, 2022లో వెళ్లిన ఈవోఎస్-06 ఈ పనికోసం గుండ్రంగా తిరిగే యాంటెన్నాలు మోసుకెళ్లాయి. నడిసముద్రంలో గాలిని కొలిచే సాధనాలు చాలా తక్కువ. బంగాళాఖాతంలో వాయుగుండం సుడి ఎక్కడ ఉందో చెప్పే ఆధారాల్లో ఈ ముడతల లెక్క ముఖ్యమైనది. ఈ ఉపగ్రహాలు వాడే పొట్టి తరంగాలను కుండపోత వాన చెదరగొట్టి లెక్కను తప్పిస్తుంది. తుపానులో వాన తప్పదు కాబట్టి ఆ చిక్కును ప్రత్యేకంగా సరిదిద్దుకోవాలి.

రెండోది ఆల్టిమీటర్. ఇది తిన్నగా కిందికి చూస్తుంది. 1992లో ఎగిరిన టోపెక్స్/పొసైడన్ 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి తరంగ స్పందనను పంపితే అది వెళ్లి రావడానికి సెకనులో వందో వంతు కూడా పట్టలేదు. ఆ కాలాన్ని అతి సూక్ష్మంగా కొలిచి సముద్రమట్టాన్ని కొద్ది సెంటీమీటర్ల కచ్చితత్వంతో లెక్కించారు. తిరిగొచ్చే స్పందన ఆకారం మరీ ముచ్చటైనది. నీరు నునుపుగా ఉంటే సంకేతం ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఎత్తైన కెరటాలుంటే ముందు శిఖరాలు, ఆ తర్వాత పల్లాలు తగులుతాయి కాబట్టి మెల్లగా, వాలు ఎక్కినట్టు లేస్తుంది. ఆ వాలును బట్టే కెరటాల ఎత్తు తెలుస్తుంది. భారత్, ఫ్రాన్స్ కలిసి 2013లో శ్రీహరికోట నుంచి పంపిన సరళ్ ఉపగ్రహం ఈ జాతిదే.

మూడోది బొమ్మ గీసే రాడార్. రాత్రి, మబ్బు అనే అడ్డంకి దీనికి లేదు. 2012లో వెళ్లిన రీశాట్-1, 2022లో వెళ్లిన ఈవోఎస్-04 ఇలాంటివే. అండమాన్ సముద్రంలో నీటి లోపలి పొరల మధ్య పదుల మీటర్ల ఎత్తున కదిలే అలలు పైకి కనబడవు గాని, ఉపరితలం మీది ముడతలను ఒకచోటికి నెట్టి, మరోచోట పలుచన చేస్తాయి. బొమ్మలో అవి వందల కిలోమీటర్ల పొడవున వెలుగునీడల పట్టీలుగా పడతాయి.

చమురు తెట్టును పట్టేదీ ఈ రాడారే. చెంచాడు నూనె చెరువులో అరెకరం మేర అలలను అణచిందని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1774లోనే రాశాడు. నూనె పలుచని పొరగా పరుచుకుని చిన్న ముడతలను నిలవనివ్వదు. ముడతలు లేకపోతే తరంగం అవతలికి జారిపోతుంది, బొమ్మలో అంతమేర నల్లమచ్చ పడుతుంది. చిక్కేమిటంటే గాలి పడిపోయిన చోటూ నల్లగానే ఉంటుంది, నాచు, చేపల జిడ్డు తేలినచోటూ నల్లగానే ఉంటుంది. మరీ బలమైన గాలి వీస్తే అసలు తెట్టే చెదిరి మచ్చ మాయమవుతుంది. అందుకే బొమ్మ చూసేవారు ముందు ఆ వేళ గాలి ఎంత వీచిందో చూస్తారు. తర్వాత మచ్చ అంచు పదునుగా ఉందా లేదా అని, దాని తోక ఏదైనా ఓడ నడిచిన దారిలో సాగిందా అని చూసి, మర్నాటి బొమ్మతో పోల్చి, అప్పుడు గాని అది చమురేనని చెప్పరు.