పదిమంది కలిసి పోతే బస ఎక్కడ?

పనికి ఊరు వదిలి పోవడం మనకు కొత్త కాదు. పాలమూరు కూలీలు ఎన్నో డ్యాములు కట్టారు, ఎన్నో కాలువలు తవ్వారు. పని దగ్గరే గుడిసె వేసుకుని ఉండేవాళ్లు. ఇప్పటికీ చాలామంది అట్లాగే ఉంటున్నారు. కానీ కొన్ని పనులు వేరు. రంగులు వేసేవాళ్లు, టైల్సు పరిచేవాళ్లు, కరెంటు వైరింగు చేసేవాళ్లు పది, ఇరవై రోజులకు పోతారు. పని కాగానే తిరిగి వస్తారు. గుడిసె వేసే వీలుండదు. లాడ్జిలో దిగాలి. పెళ్లికి బస్సు కట్టించుకుని పోయే జనం సంగతీ అంతే.

ముందుగా ఒక మాట. మన ఊళ్లో హోటల్ అంటే ఇడ్లీ, చాయ్ దొరికే చోటు. పడుకునే చోటు లాడ్జి. పట్నంలో రెండింటికీ హోటల్ అనే బోర్డు పెడుతున్నారు. కాబట్టి బోర్డు మొత్తం చదవండి. "రూములు", "లాడ్జింగ్" అనే మాట ఉందా? చదవడం వచ్చిన మనిషికి ఇక్కడి నుంచే లాభం మొదలవుతుంది.

బస ఖర్చు ఎవరిది? ఇది పని ఒప్పుకునేటప్పుడే తేల్చుకోవాలి. తర్వాత అడిగితే ఎవరూ పలకరు. కట్టడం పనివాళ్ల కోసం 1996లో ఒక చట్టం వచ్చింది. పనిచేయించే యజమాని పనివాళ్లకు ఉచితంగా తాత్కాలిక బస ఇవ్వాలని అందులో రాశారు. వంట చేసుకునే చోటు, స్నానానికి చోటు, మరుగుదొడ్డి కూడా ఉండాలన్నారు. ఆ చట్టాన్ని 2020లో వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో కలిపారు. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన బస దానంతట అదే రాదు. మేస్త్రీ నోరు తెరిచి అడగాలి. "బస మీదా, మాదా? మాదైతే కూలి రేటు ఎంత పెంచుతారు?" ఈ మాట కాగితం మీద రాయించుకోవాలి.

బస మనదే అయింది అనుకుందాం. ఎక్కడ దిగాలి? హైదరాబాదు సంగతే చూద్దాం. మన పనులు ఎక్కువగా ఊరి అంచుల్లోనే ఉంటాయి. పటాన్‌చెరు, మేడ్చల్, ఉప్పల్, ఎల్.బి.నగర్, శంషాబాద్. అయినా చాలామంది మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగి, ఆ చుట్టుపక్కలే గది వెతుకుతారు. తెలిసిన చోటు కదా అని. రోజూ అక్కడి నుంచి పటాన్‌చెరు పోయి రావాలంటే రోడ్డు మీదే పొద్దు గడిచిపోతుంది. ఒక రంగుల మేస్త్రీ నాతో ఇట్లా అన్నాడు. "రూము సస్తాకు దొరికిందని పోతిమి బిడ్డా. మిగిలింది బస్సు కిరాయిలకే ఒడిసింది. నిద్ర కూడా లేకపాయె."

ఆయన మాటను లెక్క వేసి చూద్దాం. పలక, బలపం తీసుకోండి.

పన్నెండు మంది ఉన్నారు. గదికి ముగ్గురు. అంటే నాలుగు గదులు. దూరంగా ఉన్న లాడ్జిలో గదికి రోజుకు 700 రూపాయలు అనుకుందాం. నాలుగు గదులకు 2,800. పని దగ్గర లాడ్జిలో గదికి 900. నాలుగింటికి 3,600. చూడగానే దూరం లాడ్జి 800 రూపాయలు తక్కువ. ఇప్పుడు కిరాయి కలపండి. పోను 30, రాను 30, మనిషికి 60 రూపాయలు. పన్నెండు మందికి 720. బస్సు దిగి షేర్ ఆటో ఎక్కితే పోను పది, రాను పది. అది 240. కిరాయి మొత్తం 960. దూరం లాడ్జి ఖర్చు 3,760 అయింది. దగ్గర లాడ్జి కంటే 160 ఎక్కువ! ఇరవై రోజులకు 3,200 రూపాయలు చేతి నుంచి పోయాయి. పొద్దున గంట, రాత్రి గంట నిద్ర కూడా పోయింది. నిద్ర లేనివాడు పరంజా ఎక్కితే ఏమవుతుందో మీకు తెలుసు.

ఈ లెక్క అందరికీ ఒకేలా రాదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. గుంపులో ఆడవాళ్లు ఎక్కువ ఉంటే కిరాయి తగ్గుతుంది. మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా 29 కిలోమీటర్ల మెట్రో రైలు ఉంది. పని ఆ దారిలోనే ఉంటే కొంచెం దూరమైనా పోయిరావడం సులువు. మీ అంకెలు మీరు వేసుకోండి. అంకెలు వేయకుండా అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.

గది బేరం చేసేటప్పుడు రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అడగండి. ఇది చాలామందికి తెలియదు. కొన్ని లాడ్జిల్లో 24 గంటల లెక్క. పొద్దున 5కు దిగితే మర్నాడు పొద్దున 5 దాకా ఒక రోజు. కొన్నిటిలో మధ్యాహ్నం 12కు రోజు మారిపోతుంది. అక్కడ పొద్దున 5కు దిగితే ఏడు గంటల్లో ఒక రోజు అయిపోయినట్టే. పన్నెండు దాటితే రెండో రోజు డబ్బు అడుగుతారు. పెళ్లి జనం ఎక్కువగా ఇక్కడే దెబ్బ తింటారు. రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారి దిగుతారు కదా! గోడ మీద ఆ నియమం రాసి ఉంటుంది. చదవండి. లేకపోతే మేనేజరును అడిగి రసీదు మీద రాయించండి. ఎక్కువ రోజులు ఉండేవాళ్లు వారం రేటు అడగాలి. నెల దాటే పని అయితే లాడ్జి వద్దు, ఇల్లు అద్దెకు తీసుకోవడమే మేలు.

పన్ను సంగతి కూడా చూసుకోండి. రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. నూటికి 5 రూపాయలు. అంతకు ముందు 12 ఉండేది. రసీదు మీద జి.ఎస్.టి. నంబరు లేకుండా ఆ పన్ను వసూలు చేయకూడదు. గొడవ పడితే 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. అది వినియోగదారుల సహాయ నంబరు.

డబ్బు కట్టక ముందే గది చూడాలి. ఒక్క గది కాదు, ఇచ్చే గదులన్నీ. మంచి గది చూపించి వేరే గది తాళం ఇచ్చేవాళ్లు ఉన్నారు. కుళాయి తిప్పండి. నీళ్లు ఏ వేళకు వస్తాయో అడగండి. పన్నెండు మంది పొద్దున ఆరింటికే స్నానం చేయాలి, మర్చిపోవద్దు. లోపలి గొళ్లెం సరిగా పడుతుందా? ఆడవాళ్లు ఉంటే ఇది తప్పనిసరి. వాళ్ల గదులు పక్కపక్కనే ఉండేట్టు అడగండి. ముసలివాళ్లకు కింది గది.

తర్వాత మెట్లు చూడండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఒక లాడ్జి కింద మంటలు లేచాయి. అక్కడ కరెంటు స్కూటర్ల షోరూము ఉంది. పొగ మెట్ల దారినే పైకి కమ్ముకుంది. పై గదుల్లో దిగిన జనం ఊపిరాడక చిక్కుకున్నారు. 8 మంది చనిపోయారు. చాలామందిని చంపేది మంట కాదు, పొగ. కాబట్టి గది చూసినప్పుడే అడగండి. కింద ఏముంది? దిగడానికి రెండో దారి ఉందా? ఆ తలుపుకు తాళం వేసి ఉందా? కిటికీకి ఇనుప జాలీ ఉంటే తెరుచుకుంటుందా? దారి ఒక్కటే అయితే మరో లాడ్జి చూడండి. వంద రూపాయలు ఎక్కువైనా సరే. మనం కూడా జాగ్రత్తగా ఉండాలి. రంగులో కలిపే టర్పెంటాయిల్, థిన్నరు డబ్బాలు, గ్యాసు బండ గదిలోకి తేవద్దు. పని చోటే భద్రంగా పెట్టించండి. చలికాలంలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూయవద్దు. ఆ గాలి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బస్సులో పోయేవాళ్లకు ఇంకో సంగతి. బండి తిరిగే చోటు, నిలిపే చోటు ఉందా? ఊరి అంచున ఉన్న లాడ్జిల్లో ఈ సౌకర్యం ఎక్కువ. డ్రైవరుకు కూడా ఒక మంచం లెక్క వేయండి. ఆయన్ని బస్సులోనే దోమల్లో పడుకోమంటారు కొందరు. మర్నాడు యాభై ప్రాణాలు ఆయన చేతిలోనే ఉంటాయి.

దిగేటప్పుడు రిజిస్టరులో పేరు రాయాలి, గుర్తింపు కార్డు చూపాలి. పేరు మీరే రాయండి, మేనేజరుతో రాయించకండి. వచ్చిన తేదీ, గంట కూడా చూసి సంతకం పెట్టండి. ఆధార్ అసలు కార్డు వాళ్ల దగ్గర వదలవద్దు. జిరాక్సు ఇస్తే దాని మీద "లాడ్జి కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి. మొదటి ఎనిమిది అంకెలు కనపడకుండా ఉండే ఆధార్ కూడా దొరుకుతుంది, మీసేవలో అడగండి.

ఫోనులో బొమ్మలు చూసి ముందే డబ్బు పంపేవాళ్లు ఉన్నారు. తీరా పోతే అక్కడ లాడ్జే ఉండదు. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఒక మనిషిని ఒక రోజు ముందు పంపి చూసి రమ్మనడం మంచిది. ఆయన చేతికి ఒక కాగితం ఇవ్వండి. గది రేటు, రోజు లెక్క, నీళ్ల వేళలు, మెట్లు, బండి చోటు, భోజనం ఎంత దూరం. ఒక్కో మాట పక్కన తాను చూసింది రాసుకుని రావాలి.